7.4 రాత్రివేళ కుక్క భయం: నిబంధన సూత్రాల అనువర్తనం

శాస్త్రీయ నిబంధన గురించి గత భాగంలో చదివారు. పావ్‌లోవ్ ప్రయోగశాలలో కుక్కకు లాలాజలం ఊరిన సంగతి పరీక్షలో రాసి మరిచిపోయేది కాదు. మీ ఇంట్లో లైటు ఆపగానే మూలుగుతూ తలుపు గీరే కుక్క ఉంటే, అక్కడ పనిచేస్తున్నవీ ఆ సూత్రాలే కావచ్చు.

ముందు భయాన్ని గుర్తుపట్టాలి. ఉక్క లేకపోయినా రొప్పడం, తోక కాళ్ళ మధ్యకు ముడుచుకోవడం, పెదవులు నాక్కోవడం, ఒకచోట నిలవకుండా తిరగడం దాని లక్షణాలు. మాటిమాటికీ ఆవలించడం కూడా అంతే. దాన్ని నిద్ర అనుకొని పొరబడేవారే ఎక్కువ.

కొత్తగా తెచ్చిన పిల్ల అయితే కారణం వెతకనక్కరలేదు. అది నిన్నటిదాకా తల్లి పక్కన, తోబుట్టువుల వెచ్చదనంలో పడుకుంది. పెద్ద కుక్క విషయంలో శబ్దాలను గమనించండి. మన చెవి సుమారు 20,000 హెర్ట్జ్ వరకే వింటుంది. కుక్క సుమారు 45,000 హెర్ట్జ్ దాకా వినగలదు. మనకు సద్దుమణిగిన రాత్రి దానికి అలా ఉండకపోవచ్చు. దీపావళి రోజుల్లో చీకటి పడ్డాక టపాసులు మోగాయనుకోండి. మోత నిర్నిబంధిత ఉద్దీపన. దానితో జతపడిన చీకటి నిబంధిత ఉద్దీపన అవుతుంది. పండుగ వెళ్ళిపోయినా పొద్దుగూకగానే కుక్క మంచం కిందికి దూరుతుంది.

"పట్టించుకోకండి, ఏడ్చి ఏడ్చి అదే ఊరుకుంటుంది" అనే సలహా మీరు వినే ఉంటారు. పునర్బలనం ఆపితే ప్రవర్తన విరమిస్తుందన్నది దీని వెనుక తర్కం. ఏళ్ళ తరబడి ఈ పాఠం చెప్పిన నేనే మా వీధికుక్కను ఇంటికి తెచ్చిన మొదటి రాత్రి వరండాలో వదిలి తలుపు వేసుకున్నాను. తెల్లవారేసరికి తలుపు చెక్క కొరికి ఉంది, దాని చిగుళ్ళ నుంచి రక్తం కారుతోంది. విరమణ సూత్రం తప్పు కాదు, నేను వర్తింపజేసిన చోటు తప్పు. తిండి కోసం చేసే మారాం వేరు, భయం వేరు. పక్కన కూర్చుని నిమిరినంత మాత్రాన భయం బహుమతి పొంది పెరగదు.

ఆ మర్నాటి నుంచి దాని గోనెపట్టాను నా మంచం పక్కనే వేశాను. దానిమీద నా పాత లుంగీ పరిచి, పగలే రొట్టెముక్కలు అక్కడ పెట్టేవాణ్ణి. ఆ చోటుకు మంచి అనుభవం జతపడాలన్నదే ఉద్దేశం. రాత్రి తిండి, ఒకసారి బయట తిప్పడం, లైటు ఆపడం రోజూ అదే వరుసలో, అదే వేళకు. వారం తర్వాత పట్టాను జానెడు చొప్పున గుమ్మం వైపు జరిపాను. మూలిగిన రోజున మళ్ళీ వెనక్కి తెచ్చాను. మనుషుల భయాలకు జోసెఫ్ వోల్పే 1958లో వివరించిన మెట్టుమెట్టు పద్ధతి కూడా ఈ కోవలోదే. నాకు రెండు నెలలు పట్టింది. తొందరపడి బోనులో పెట్టి గడియ వేస్తే చేసిందంతా పోతుంది.

ముసలి కుక్క ఉన్నట్టుండి రాత్రిళ్ళు తిరగడం మొదలుపెడితే ఈ పద్ధతి కంటే ముందు పశువైద్యుడికి చూపించండి. కీళ్ళనొప్పి, చూపు మందగించడం, మెదడులో వయసుతో వచ్చే మార్పు కారణం కావచ్చు. ఇంట్లో ఉన్న నిద్రమాత్రలు మాత్రం ఇవ్వకండి, ప్రాణం మీదికి వస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పిడుగు శబ్దానికి బెదిరిన కుక్క ఆ తర్వాత మబ్బు పట్టగానే వణకసాగింది. ఇందులో నిబంధిత ఉద్దీపన ఏది? దాని భయం తగ్గించడానికి మీరు మొదటి మెట్టుగా ఏం చేస్తారు?