పక్షుల మీదికి ఫౌజు పోయింది.. ఓడి వచ్చింది!

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని మన పెద్దోళ్ళు సామెత చెప్తరు. ఒక దేశం ఆ సామెతను నిజంగనే చేసి చూసింది. పిచ్చుక జాగల మనిషంత ఎత్తుండే పక్షి, బ్రహ్మాస్త్రం జాగల మిషన్ గన్. ఆఖరికి గెలిచింది మాత్రం పక్షే.

1932ల ఆస్ట్రేలియా సర్కారు ఈము పక్షుల మీదికి సైన్యాన్ని తోలింది. మనకాడ ఈము కోడి అంటం గదా, అదే. యూట్యూబ్‌ల, ఇన్‌స్టాల ఈ కథ మీద మస్తు రీల్స్ తిరుగుతుంటయ్. "పక్షుల చేతుల ఓడిపోయిన దేశం" అని మీమ్స్ కూడా ఉన్నయ్. చూస్తే నవ్వొస్తది, నవ్వాలె కూడా. గని ముప్పై సెకండ్ల రీల్‌ల సగం కథే పడుతది. మిగిలిన సగంల ఒక రైతు ఉన్నడు. ఆ రైతును చూస్తే మన ఊరి మనిషి లెక్కనే కొడతడు.

తుపాకి పట్టినోడే నాగలి పట్టిండు

మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయినంక ఆస్ట్రేలియా సర్కారుకు ఒక తిప్పలొచ్చింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు బతుకుదెరువు చూపియ్యాలె. భూములిచ్చి ఎవుసం చేసుకోమన్నరు. పశ్చిమ ఆస్ట్రేలియాల వేలమంది మాజీ సైనికులు ఇట్ల రైతులైండ్రు. వాళ్ళకు వచ్చిన భూములు చానవరకు వానలు సరిగ్గ పడని చెలకలు. పొదలు కొట్టి, మొద్దులు పీకి, అప్పులు చేసి గోధుమ ఏసిండ్రు.

అంతల 1929ల ప్రపంచమంత ఆర్థిక మాంద్యం వచ్చింది. గోధుమ రేటు ధడేల్మని పడిపోయింది. సర్కారేమో గోధుమ ఇంకా ఎక్కువ పండియ్యుమన్నది, మద్దతు ధర ఇస్తమన్నది. రైతులు ఆ మాట నమ్మి పండిచ్చిండ్రు. ఆ మాట నిలబడలే. రేటు ఇంకా దిగజారింది. 1932 నాటికి ఆ రైతుల మెడ మీద మిత్తి కత్తి యాలాడుతున్నది. పంట కోసినా నష్టమే, కోయకున్నా నష్టమే.

సరిగ్గ గప్పుడు దిగినయ్ ఈములు. ఒకటి కాదు, రెండు కాదు, సుమారు 20 వేలు.

ఆ పక్షులు ఎందుకొచ్చినయ్?

ఈము ఎగరలేదు. గని గంటకు 50 కిలోమీటర్ల దాక ఉరుకుతది. ఆరడుగుల దాక ఎత్తు, 30 నుంచి 45 కిలోల బరువు ఉంటది. ముదురు పచ్చ రంగు గుడ్లు పెడుతది. ఆ గుడ్లను పొదిగేది మగ ఈము. ఎనిమిది వారాల పాటు సరిగ్గ తిండి కూడా తినకుంట గుడ్ల మీదనే కూసుంటది.

పిల్లలు అయినంక ఈ పక్షులు లోపలి ఎండు ప్రాంతాల నుంచి తీరం దిక్కు వలస పోతయ్. అవి వేల ఏండ్ల సంది నడుస్తున్న తొవ్వలు. ఆ తొవ్వల మధ్యల మనుషులు అడవి కొట్టి పొలాలు చేసిండ్రు, పశువులకోసం నీళ్ళ కుంటలు కట్టిండ్రు. చదును భూమి, తాగుతందుకు నీళ్ళు, తింటందుకు గోధుమ. ఈముకు ఇంతకన్న మంచి జాగ ఏడ దొరుకుతది? తిన్నకాడికి తిన్నయ్, మిగిలింది తొక్కినయ్. ఇంకో నష్టం కూడా చేసినయ్. కుందేళ్ళు రాకుండ కట్టిన కంచెలను చింపినయ్. ఆ సందులకెళ్ళి కుందేళ్ళు జొరబడి మిగిలిన పంటను పట్టినయ్.

రైతులు పోయి ఎవుసం మంత్రిని అడగలే, రక్షణ మంత్రి జార్జ్ పియర్స్‌ను అడిగిండ్రు. వాళ్ళు మాజీ సైనికులు గదా, మిషన్ గన్ ఏం చేస్తదో యుద్ధంల కండ్లార చూసినోళ్ళు. మంత్రి సరే అన్నడు. తూటాల ఖర్చు, సైనికుల తిండి, పడక మాత్రం రైతులే చూసుకోవాలన్నడు. సైనికులకు గురి ప్రాక్టీసు కూడా అయితదన్నరు.

దీని వెనక రాజకీయం కూడా ఉన్నది. గప్పుడు పశ్చిమ ఆస్ట్రేలియా జనం దేశం నుంచి విడిపోవాలని కోపంల ఉన్నరు. ఢిల్లీ మనను పట్టించుకుంటలేదు అని మనం అనుకున్నట్టే, వాళ్ళు కాన్‌బెర్రా గురించి అనుకున్నరు. సైన్యాన్ని పంపితే 'మీ కోసం ఏదో చేస్తున్నం' అని చూపియ్యొచ్చు. సినిమా కెమెరాను కూడా ఎంట పంపిండ్రు. ఆ ఉపాయం పనిచెయ్యలే. 1933 ఏప్రిల్‌ల ఓటింగ్ పెడితే సుమారు మూడింట రెండొంతుల మంది విడిపోతమనే ఓటేసిండ్రు. లండన్‌ల పార్లమెంటు ఒప్పుకోకపోవుడుతోని అది ఆగిపోయింది.

యుద్ధం ఎట్ల జరిగింది?

మేజర్ మెరెడిత్ అనే ఆఫీసరు, ఆయన ఎంట ఇద్దరు సైనికులు, రెండు లూయిస్ గన్‌లు, 10 వేల తూటాలు. ఇదే మొత్తం ఫౌజు. వంద ఈము తోళ్ళు పట్టుకరమ్మని కూడా చెప్పి పంపిండ్రు, ఆ ఈకలను గుర్రపు దళం టోపీలకు పెట్టుకుంటందుకు. ఇంకా తూటా పేలనేలేదు, టోపీల ముచ్చట అయిపోయింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు.

నవంబర్ 2న కాంపియన్ అనే ఊరికాడ యాభై దాక ఈములు కనపడ్డయ్. తూటాకు అందేంత దగ్గర లేవు. ఊరోళ్ళు అదిలిచ్చి గన్ల దిక్కు తోలుదామని చూసిండ్రు. ఈములు చిన్న చిన్న గుంపులుగ చీలిపోయి తలా ఒక దిక్కు ఉరికినయ్.

రెండు దినాలకు ఇంకో ఉపాయం చేసిండ్రు. ఒక నీళ్ళ కట్ట కాడ పొదల మాటున దాక్కున్నరు. వెయ్యికి పైన ఈములు నీళ్ళకు వచ్చినయ్. బాగ దగ్గరికి రానిచ్చి పేల్చిండ్రు. పన్నెండు పక్షులు పడంగనే గన్ జామ్ అయింది. మిగిలినయ్ మాయం.

ఆ తర్వాత గన్‌ను లారీకి కట్టిండ్రు. ఎగుడుదిగుడు చెలకల లారీ ఎగిరెగిరి పడుతుంటే తుపాకి పట్టినోడు గురి సూసుడు కాదు, ఒక్క తూటా కూడా పేల్చలేకపోయిండు. లారీకి ఈములు అందనే లేదు. ఒక్కో గుంపుకు ఒక పెద్ద పక్షి కావలి ఉంటదని, మిగిలినయ్ మేస్తుంటే అది తల లేపి సూసి సైగ చేస్తదని సైనికులే చెప్పిండ్రు. తూటా తగిలినా ఉరుకుతనే ఉన్నయని మేజర్ మెరెడిత్ వాటిని యుద్ధ ట్యాంకులతోని పోల్చిండు.

ఆరు దినాలల్ల 2,500 తూటాలు ఖర్చైనయ్. పేపర్లల్ల ఎగతాళి మొదలైంది, పార్లమెంటుల నవ్వులు పడ్డయ్. నవంబర్ 8న సైన్యాన్ని ఎనుకకు పిలిచిండ్రు. రైతులు మళ్ళ మొత్తుకుంటే నవంబర్ 13న మళ్ళ పంపిండ్రు. డిసెంబర్ రెండో వారంల మొత్తానికే బంద్ చేసిండ్రు.

మేజర్ ఇచ్చిన లెక్క ప్రకారం 9,860 తూటాలకు 986 ఈములు చచ్చినయ్. అంటే పక్షికి సరిగ్గ పది తూటాలు, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. లెక్క గంత సాఫుగ వచ్చిందంటే మన ఊరి కిరాణ షావుకారి కూడా ఒకసారి చిట్టా తిరగేస్తడు. సరే, అది నిజమే అనుకుందాం. 20 వేలల్ల 986 అంటే నూటికి ఐదు కూడా కాదు.

ఎందుకు ఓడిపోయిండ్రు?

మిషన్ గన్ తయారు చేసింది మనుషుల యుద్ధం కోసం. గుంపుగ వరుస కట్టి ఎదురొచ్చేటోళ్ళను ఆపుతందుకు అది పనికొస్తది. ఈము ఎదురు రాదు, నిలబడదు, జాగను కాపాడుకోదు. చప్పుడు ఇనంగనే చెదిరిపోతది, మళ్ళ అదే చేన్ల దిగుతది. ఆయుధం పెద్దదే, గని తిప్పలకు సరిపోయేది కాదు.

తర్వాత రైతులు 1934ల, 1943ల, 1948ల మళ్ళ సైన్యాన్ని అడిగిండ్రు. సర్కారు పంపలే. దాని జాగల రైతులకే తూటాలిచ్చి, చంపిన పక్షికి ఇంత అని పైసలిచ్చింది. 1934ల ఆరు నెలలల్ల 57,034 ఈములకు పైసలు కట్టిండ్రు. ఫౌజు చెయ్యలేని పని చేను తెలిసిన మనిషి చేసిండు. ఇంకా తర్వాత పొడుగాటి కంచెలు పడ్డయ్. ఈమును సంపుడు కన్న చేన్లకు రాకుండ ఆపుడే అగ్గువ అని అప్పటికి అర్థమైంది. పశ్చిమ ఆస్ట్రేలియాల ఇయ్యాలటికీ కంచెలే ఈములను ఆపుతున్నయ్. దేశం మొత్తంల ఈములు ఇప్పటికీ లచ్చలల్ల ఉన్నయ్. ఆస్ట్రేలియా రాజముద్ర మీద కంగారు పక్కన నిలబడ్డది కూడా ఈమే.

గని గోధుమ రేటు సంగతి? దాన్ని మిషన్ గన్ ఏం చెయ్యలేదు. ఈములు తిన్నదానికన్న మార్కెట్ తిన్నదే ఎక్కువ. ఈ ముచ్చట ఏ మీమ్‌ల రాదు. ఎద్దు పుండు కాకికి ముద్దన్నట్టు, లోకానికి నవ్వు మిగిలింది, రైతుకు అప్పు మిగిలింది.

అదే ఈము మన ఊరికి వచ్చింది

ఈ పక్షి మనను కూడా ఓడగొట్టి పోయింది, గది యాదికున్నదా? 2000 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల ఈము ఫారాలు పుట్టగొడుగుల లెక్క లేసినయ్. కూర మంచిదన్నరు, నూనెకు డిమాండ్ అన్నరు, తోలు, ఈకలు, గుడ్డు పెంకు కూడా పైసలే అన్నరు. అప్పులు తెచ్చి, వేలకు వేలు పెట్టి జంటలను కొన్నరు.

దాంట్ల అసలు కిటుకు ఇది. ఫారం పెట్టినాయన సంపాదిచ్చింది కూర అమ్మి కాదు, పిల్లలను ఇంకో కొత్త రైతుకు అమ్మి. ఆ రైతు ఇంకో రైతుకు. కొత్తోళ్ళు వస్తున్నన్ని దినాలు రేటు నిలబడ్డది. కొత్తోళ్ళు ఆగిపోంగనే కుప్పకూలింది. ఆఖరికి పక్షిని తినేటోడు, నూనె కొనేటోడు మార్కెట్ల లేనేలేడు. 2012ల తమిళనాడు ఈరోడ్ జిల్లాల పైసలు కడితే పక్షులు, మేత, నెలనెల ఆదాయం అని నమ్మిచ్చిన కంపెనీలు బోర్డు తిప్పేసినయ్, వేలమంది మునిగిండ్రు. మేత పెట్టలేక పక్షులను రోడ్ల మీద వదిలినోళ్ళు కూడా ఉన్నరు.

ఇయ్యాల పక్షి మారింది గంతే. రేపు ఇంకేదో చెట్టు, ఇంకేదో చేప, ఇంకేదో యాప్ వస్తది. ఎవరన్న ఊర్లకొచ్చి స్కీమ్ చెప్తే ఒక్కటే అడగుండ్రి: 'దీన్ని ఆఖరికి వాడుకునేటోడు ఎవడు? ఏ బజార్ల, ఎంతకు కొంటుండు?' జవాబు 'ఇంకో రైతు' అని వస్తే లేసి రాండ్రి.

మన చేన్ల మిషన్ గన్

ఆస్ట్రేలియోళ్ళను చూసి నవ్వేముందు మన చేన్లకు పోయి చూద్దాం. కోతులకు భయపడి పల్లి బంద్ చేసినోళ్ళు, మక్క బంద్ చేసినోళ్ళు, పెరట్ల బీర తీగ కూడా పెట్టనోళ్ళు ఏ ఊర్ల లేరు? అడవి పందులు ఒక్క రాత్రిల ఎకరం మక్కను నేలమట్టం చేస్తున్నయ్. మనం ఏం చేస్తున్నం? ఈ ఊరి కోతులను పట్టి అవతలి ఊర్ల వదులుతున్నం. అవి ఆకలైతే మళ్ళ వస్తయ్, లేకుంటే ఆ ఊరోళ్ళను ఆగం చేస్తయ్. పందుల కోసం స్తంభం నుంచి కరెంటు గుంజి చేను సుట్టు తీగ కడుతున్నం. గదే మన మిషన్ గన్. ఆ తీగకు పందికన్న ముందుగాల నీళ్ళు పెట్టబోయిన రైతో, కైకిలి మనిషో తగిలి పానం పోయిన వార్తలు ప్రతి ఏడు చదువుతనే ఉన్నం.

సోలార్ కంచెకు, ఆ దొంగ తీగకు ఉన్న తేడా మన పోరగాండ్లన్న ఇంట్ల చెప్పాలె. సోలార్ కంచెల కరెంటు క్షణంల చిన్న వంతు సేపు మాత్రమే కొట్టి ఆగుతది. ఝుమ్మని తగిలి జంతువు ఎనుకకు ఉరుకుతది, చావది. స్తంభం తీగల కరెంటు ఆగకుండ పారుతది, పట్టుకున్న చెయ్యి వదలనియ్యది. మొదటిది కంచె, రెండోది ఉరి.

కోతుల సంగతికొస్తే, నిర్మల్‌ల 2020ల పెట్టిన కేంద్రంల పట్టి, పిల్లలు కాకుండ ఆపరేషన్ చేసి వదులుడు మొదలుపెట్టిండ్రు. తొవ్వ మంచిదే. గని ఒక్క కేంద్రంతోని రాష్ట్రమంత కోతులు తగ్గయ్. ఆపరేషన్ అయిన కోతి కూడా బతికినన్ని దినాలు తింటది, అందుకని ఫలితం ఏండ్లకు గని కనపడది. మండలానికో కేంద్రం, గుట్టలమీద పండ్ల చెట్లు, ఒక్కొక్కరు కాకుండ పది మంది రైతులు కలిసి కట్టుకునే కంచెకు సబ్సిడీ. గ్రామసభల ఈ మూడు అడగాలె, రాసిచ్చి రశీదు తీసుకోవాలె.

ఇంకోసారి ఈము యుద్ధం రీల్ వస్తే నవ్వుండ్రి, షేర్ కూడా చెయ్యుండ్రి. కింద కామెంట్ల ఒక ముక్క రాయుండ్రి: 'ఆ రైతుకు గోధుమ రేటు ఇచ్చిండ్రా, లేదా?'