ఇంట్లో వస్తువే కదా!

విజయవాడ ఆటోనగర్‌లో జీఐ పైపుకు వెల్డింగ్ పెడుతుంటే దగ్గర నిలబడి చూశాను. నిప్పు తగలగానే తెల్లటి పొగ లేచింది. కాసేపటికి దూదిపింజల్లాంటి నుసి గాలిలో తేలుతూ వచ్చి చొక్కా మీద వాలింది. అది జింక్ ఆక్సైడ్. తుప్పు పట్టకుండా పైపుకు పూసిన జింకు ఆ వేడికి ఆవిరై, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి అలా మారుతుంది. సరైన మాస్కు లేకుండా ఆ పని చేసిన కుర్రాడికి సాయంత్రానికి నోట్లో ఇనుము నాకినట్టుంటుంది, రాత్రికి చలిజ్వరం వస్తుంది. మలేరియా అనుకుంటారు. ఒకటి రెండు రోజుల్లో అదే తగ్గిపోతుంది. వైద్యులు దీన్ని మెటల్ ఫ్యూమ్ ఫీవర్ అంటారు.

ఈ సంగతి ఎత్తుకోవడానికి కారణముంది. అమెరికా, కెనడా, ఐరోపా దేశాల్లో డీఎంటీ లాంటి భ్రాంతి కలిగించే మత్తుమందులను పొగగా పీల్చేవాళ్లు కొందరు, ఇంట్లో చేతికందిన వస్తువులనే పైపుగా మార్చుకుంటారు. పాత బల్బు, కూల్‌డ్రింకు డబ్బా, నల్లా బిగించే ముక్కలు, గిన్నెలు తోమే స్టీలు పీచు. డీఎంటీని 1931లో కెనడా రసాయన శాస్త్రవేత్త రిచర్డ్ మాన్స్కే తయారుచేశారు. మనసు మీద దాని ప్రభావాన్ని 1956లో స్టీఫెన్ సారా వెల్లడించారు. మన దేశంలో అది ఎన్‌డీపీఎస్ చట్టం కింద నిషిద్ధం. ఆ మందు చేసే చెరుపు గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. పైపు చేసే చెరుపు గురించి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

‘రోజూ వాడే వస్తువే కదా, ఏమవుతుంది?’ అన్న ధీమాలోనే పొరపాటుంది. ఏ వస్తువైనా దాన్ని చేసిన పనికే క్షేమం. నల్లా ముక్క నీళ్లు పారడానికి, డబ్బా చల్లటి పానీయం నిల్వ ఉండడానికి చేసినవి. లైటరు మంట వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది. పైగా నోట్లోంచి కడుపులోకి పోయినదాన్ని పేగులు, కాలేయం కొంత వడగడతాయి. ఊపిరితిత్తుల్లోకి పోయిన ఆవిరికి అలాంటి కాపలా లేదు, నేరుగా రక్తంలో కలుస్తుంది.

కూల్‌డ్రింకు డబ్బానే చూడండి. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంత తేలిగ్గా ఆవిరి కాదు. అసలు భయం లోహంతో కాదు. పానీయంలోని పులుపు లోహాన్ని తినేయకుండా డబ్బా లోపల ప్లాస్టిక్ లాంటి పలుచని పూత వేస్తారు, బయట రంగులుంటాయి. ముందుగా మాడేవి అవే. మిగతా వస్తువులకూ ఇలాంటి చిక్కులే ఉన్నాయి. పెనాల నాన్‌స్టిక్ పూత 260 డిగ్రీలు దాటాక చెడిపోవడం మొదలవుతుంది. అలాంటి ఖాళీ పెనం పొయ్యి మీద మరచిపోతే వంటింట్లో పంజరంలోని చిలుక చచ్చిపోయిన సంఘటనలు పశువైద్యులకు బాగా తెలుసు. పీవీసీ కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వస్తుంది. అది గొంతును, ఊపిరితిత్తులను కాలుస్తుంది. పాత అతుకుల్లో వాడిన సీసం కలిసిన టంకం 183 డిగ్రీలకే కరిగిపోతుంది.

నల్లా ముక్కల్లో ఉండే జింకు దగ్గర ఒక మాట చెప్పాలి. అది మరిగేది 907 డిగ్రీల దగ్గర. చిన్న లైటరుతో లోహపు ముక్కంతా అంత వేడెక్కకపోవచ్చు. టార్చి లైటరు పెట్టి ఒకేచోట కాలిస్తే అంత ధైర్యంగా చెప్పలేం. కాడ్మియం సంగతి మరీ కలవరపెడుతుంది. కొన్ని బోల్టుల పూతల్లో, కొన్ని రకాల వెండి టంకంలో అది ఉంటుంది. దాని పొగ పీలిస్తే మొదట జలుబు జ్వరంలాగే ఉంటుంది. తరువాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం పోవచ్చు. జింకు జ్వరానికీ దీనికీ మొదటి రాత్రి తేడా తెలియదు.

స్టీలు పీచు తీగలు ఎంత సన్నగా ఉంటాయంటే మంట తగలగానే అవే అంటుకుంటాయి. తెగిన ముక్కలు ఎర్రగా కాలుతూ దమ్ముతోపాటు గొంతులోకి పోతాయి. కెనడాలో క్రాక్ కొకైన్ పీల్చేవాళ్ల నోళ్లు, పెదాలు ఇలాంటి పరికరాలతోనే కాలి, తెగి పుండ్లు పడ్డాయి. ఆ పుండ్లతో ఒకే పైపు పదిమంది పంచుకుంటే హెపటైటిస్-సి అంటుకుంటుందని ఒట్టావా నగర ఆరోగ్య విభాగం 2005లో వేడికి తట్టుకునే గాజు గొట్టాలు పంచింది. 2007లో నగర పాలక మండలి ఆ పథకానికి డబ్బు ఆపేసింది. పంచడం తప్పా ఒప్పా అన్న గొడవ అక్కడ చాలాకాలం నడిచింది. నా మటుకు, బతికి ఉన్న మనిషినే కదా మాన్పించగలం అనిపిస్తుంది.

మామూలు గాజు వేడెక్కితే బాగా వ్యాకోచిస్తుంది, ఉన్నట్టుండి వేడెక్కినా చల్లబడినా పగులుతుంది. మరుగుతున్న కాఫీ పోస్తే గ్లాసు టప్పుమనడం మనం చూసేదే. బల్బు గాజు అంతకంటే పలుచన. సీఎఫ్ఎల్ బల్బులో అయితే పాదరసం ఉంటుంది. డీఎంటీ పీల్చిన మనిషికి సెకన్లలోనే ఒంటి మీద పట్టు తప్పుతుంది, చేతిలో కాలుతున్న పైపు ఉందన్న స్పృహ కూడా ఉండదు.

మన ఊళ్లలోగానీ, విదేశాల్లో చదువుకుంటున్న మన పిల్లల్లోగానీ ఎవరైనా ఇలాంటి పొగ పీల్చాక దగ్గు, ఆయాసం, ఛాతీలో మంట, చలిజ్వరం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. ఇక్కడైతే 108కి ఫోన్ చేయండి. మత్తు మానుకోవడానికి సాయం కావాలంటే 14446 ఉచిత నంబరు ఉంది. తిట్లు తరువాత. ఏం పీల్చాడన్నదే కాదు, దేన్ని కాల్చి పీల్చాడన్నది కూడా డాక్టరుకు చెప్పాలి. ఆ ముక్క దొరికితే కవర్లో వేసి వెంట తీసుకెళ్లండి.