హాన్లే చీకటిలో పాలపుంత: కెమెరాకు ఇరవై సెకన్ల గడువు

వేసవిలో లద్దాఖ్ వెళ్లే పర్యాటకులలో కొందరు పాంగాంగ్ సరస్సుతో ఆగక, లేహ్‌కు ఆగ్నేయంగా సుమారు 250 కిలోమీటర్ల దూరంలో ఉన్న హాన్లే వరకు ప్రయాణిస్తున్నారు. వారు అంత దూరం వెళ్లేది చీకటి కోసం.

సముద్రమట్టానికి సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఇక్కడ భారత ఖగోళ వేధశాల ఉంది. రెండు మీటర్ల అద్దం గల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్‌ను శాస్త్రవేత్తలు బెంగళూరు సమీపంలోని హోస్కోటె నుంచి ఉపగ్రహ సంకేతాల ద్వారా నడుపుతారు. దానికి పొరుగునే గామా కిరణాలను పసిగట్టే ‘మేస్’ టెలిస్కోప్ ఉంది. భాభా అణు పరిశోధన కేంద్రం దానిని హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తోడ్పాటుతో నిర్మించింది. వేధశాల చుట్టూ 22 కిలోమీటర్ల వ్యాసార్ధంలోని ప్రాంతాన్ని 2022 డిసెంబరులో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

ఎత్తుకు వెళ్లిన కొద్దీ తల మీద గాలి పొర పలుచబడుతుంది. తేమ, ధూళి తగ్గి నక్షత్ర కాంతి అంతగా చెదరదు. మన కంటికి మాత్రం ఆ చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది. అలవాటు పడిన తరువాత కూడా పాలపుంత బూడిదరంగు మబ్బులాగే తోస్తుంది. మసక వెలుతురులో పనిచేసే నేత్రకణాలకు రంగులు తెలియవు. కెమెరా కాంతిని సెకన్ల తరబడి కూడబెట్టుకుంటుంది కనుక దానికి ఆ రంగులు దక్కుతాయి.

ఈ కూడబెట్టే వ్యవధినే ‘ఎక్స్‌పోజర్’ అంటారు. ఈ మాటకు తెలుగులో స్థిరపడిన పదం లేదు. కాంతిని లోపలికి రానిచ్చే కాలం అనుకుందాం. అది ఎంత ఉండాలన్నది భూభ్రమణం నిర్ణయిస్తుంది. ఆకాశం గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతుంది కాబట్టి గడువు మించితే నక్షత్రపు చుక్క గీతగా సాగుతుంది. 500ను లెన్స్ నాభ్యంతరంతో భాగిస్తే గడువు తెలుస్తుందని ఛాయాగ్రాహకుల మోటు లెక్క: 24 మిల్లీమీటర్ల లెన్స్‌కు సుమారు 20 సెకన్లు, 50కి పదే. చిన్న సెన్సర్ ఉన్న కెమెరాలో ఇంకా తగ్గించాలి. ఎపర్చర్ ఎఫ్/2.8, ఐఎస్‌ఓ 3200తో మొదలుపెట్టి ఫలితాన్ని బట్టి మార్చుకోవచ్చు. చీకటిలో ఆటోఫోకస్ పనిచేయదు. తెరపై ఒక ప్రకాశవంతమైన తారను పెద్దది చేసి, అది సూదిమొనలా కనిపించేవరకు చేతితో సరిచేయాలి. ట్రైపాడ్ తప్పనిసరి. బటన్ నొక్కిన అదురు తగలకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టాలి. చలికి బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది, అదనపుదానిని కోటు లోపలి జేబులో ఉంచుకోవాలి.

తేదీకి పంచాంగం చాలు, అమావాస్యకు అటూ ఇటూ నాలుగైదు రాత్రులు. పాలపుంత కేంద్రం మూలా నక్షత్రానికి చేరువలో ఉంటుంది. మే నెల మధ్యలో అది తెల్లవారుజామున రెండున్నర ప్రాంతంలో, ఆగస్టు మొదట్లో రాత్రి తొమ్మిది దాటగానే దక్షిణాన తన గరిష్ఠ ఎత్తుకు చేరుతుంది. ఆ గరిష్ఠం హాన్లేలో 28 డిగ్రీలే. దక్షిణాన కొండ అడ్డుంటే చిత్రం దక్కదు, అందుకని పగలే స్థలం చూసుకోవాలి. అదే కేంద్రం హైదరాబాద్‌లో 44 డిగ్రీల వరకు ఎక్కుతుంది. ఆకాశం మనకే అనుకూలంగా ఉన్నా వీధి దీపాలు దానిని కప్పేశాయి.

కెమెరా కంటే ముందు శరీరం సిద్ధపడాలి. విమానంలో నేరుగా 3,500 మీటర్ల లేహ్‌లో దిగినవారు కనీసం రెండు రోజులు అక్కడే విశ్రమించాలి. తలనొప్పి, వాంతులు, తడబాటు కనిపిస్తే పాలపుంతను మరచి వెంటనే కిందికి దిగాలి. చిత్రం కోసం మరొక్క రాత్రి ఓర్చుకుందామనుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

చీకటి కోసం వచ్చేవారి వాహనాలే ఆ చీకటికి చేటు. అందుకే ఇక్కడ హైబీమ్ దీపాలు వాడరాదు; నడకకు మసక ఎర్ర కాంతి టార్చి మేలు. ఒక్క హెడ్‌లైట్ వెలిగితే పక్కవారి ఇరవై సెకన్లు వృథా అవుతాయి. వేధశాలకైతే నష్టం అంతకన్నా పెద్దది, తప్పిపోయిన పరిశీలన మళ్లీ దొరకకపోవచ్చు. చుట్టుపక్కల గ్రామాలవారికి టెలిస్కోపులిచ్చి ఆకాశాన్ని చూపించడంలో శిక్షణ ఇచ్చారు. ఎక్కడ నిలబడితే దక్షిణ దిక్కు తెరిపిగా ఉంటుందో, బండి ఎక్కడ ఆపాలో వారిని అడగడం మంచిది.