ఫలితాల వేళ సర్వర్ వేగం

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడగానే లక్షలాదిమంది విద్యార్థులు ఒక్కసారిగా వెబ్‌సైట్‌ను ఆశ్రయిస్తారు. హాల్‌టికెట్ సంఖ్య అందగానే సర్వర్ డేటాబేస్‌ను గాలించి, మార్కులను కూర్చి, అప్పటికప్పుడు పుటను నిర్మిస్తుంది. ఇట్టి దానిని డైనమిక్ వెబ్‌సైట్ అంటారు. అభ్యర్థనలు వెల్లువెత్తినప్పుడు ఈ శ్రమకు తాళలేక సర్వర్ స్తంభిస్తుంది.

చేనేతకు పేరొందిన పేరాలలో వస్త్రవ్యాపారి, కొనేవారు వచ్చిన పిమ్మట చీర నేయించడు. నేసి మడతపెట్టిన దానిని అందిస్తాడు. సర్వర్‌కూ ఇదే మార్గం. ప్రకటించిన మార్కులు క్షణక్షణమూ మారవు. కనుక ఆ పుటలను ముందే సిద్ధపరచి మెమరీలో నిలువ ఉంచవచ్చు. దీనిని క్యాషింగ్ అంటారు. డేటాబేస్ నుండి తెచ్చిన సమాచారాన్ని ఇట్లు నిలువ ఉంచుటకై 2003లో బ్రాడ్ ఫిట్జ్‌పాట్రిక్ మెమ్‌క్యాషెడ్‌ను రూపొందించాడు. భారాన్ని పలు సర్వర్లకు పంచుట మరొక ఉపాయం. 2025లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాలు వెబ్‌సైట్‌తోపాటు ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలోనూ లభించాయి. ఫలితాలకు ద్వారాలు పెరిగిన కొద్దీ ఒక్కచోట తాకిడి తగ్గుతుంది.

అయితే పునర్లెక్కింపులో మార్కులు మారిన వెంటనే నిలువ ఉన్న పాత పుటను తొలగించాలి. లేనిచో ఉత్తీర్ణుడైన విద్యార్థి కూడా అనుత్తీర్ణుడుగానే కనిపిస్తాడు. అట్టి వేగం వలన ప్రయోజనం లేకపోగా, అతని పై చదువుకే విఘాతం కలుగుతుంది.