మీకు తెలుసా? 66 మ్యాచ్‌లు, 5 గెలుపులు

అక్కన్నపేట లాంటి ఊళ్లలో పిల్లలు ఆడుకునే కబడ్డీలో ఓడితే ఓడినట్టే. ప్రో కబడ్డీ లీగ్‌లో మాత్రం 2024 సీజన్ వరకు 7 లేదా అంతకంటే తక్కువ పాయింట్ల తేడాతో ఓడిన జట్టుకూ పట్టికలో 1 పాయింటు పడేది. గెలిస్తే 5, టై అయితే 3 వచ్చేవి. మన తెలుగు టైటాన్స్ 8వ సీజన్‌లో (2021-22) 22 మ్యాచ్‌లాడి గెలిచింది ఒక్కటే. 4 టై, మిగతా 17 ఓటములే. అయినా 27 పాయింట్లొచ్చాయి. అందులో 10 ఇలా కొద్దిలో ఓడినందుకు దక్కినవే!

9, 10 సీజన్లలో రెండేసి గెలుపులు. అలా మూడు సీజన్లలో 66 మ్యాచ్‌లకు 5 గెలుపులే. పదో సీజన్‌కు రైడర్ పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్ల రూపాయలకు కొన్నా అట్టడుగు స్థానం వదల్లేదు. ఒక్క రైడర్ కూతకెళ్తే సరిపోతుందా, వెనక పట్టేవాళ్లూ ఉండాలి కదా! 11వ సీజన్‌లో (2024) ఏకంగా 12 గెలిచారు. ప్లేఆఫ్స్ అయితే అప్పుడూ అందలేదు.