మనిషి వెంట వచ్చే ప్రోగ్రాం

బదిలీ ఉత్తర్వు రాగానే పెట్టెలు సర్దడం మనందరికీ అలవాటే. కంప్యూటర్ ప్రోగ్రాంను కూడా అలా సర్దవచ్చు.

మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే ప్రోగ్రాం ఫైళ్లు రకరకాల ఫోల్డర్లలో, సెట్టింగులు విండోస్ రిజిస్ట్రీలో చేరతాయి. తీసేసినా, క్వార్టర్ ఖాళీ చేశాక గోడలకు మేకులు మిగిలినట్టు, ఏవో కొన్ని మిగిలిపోతుంటాయి. ఒకే ప్రోగ్రాం పాతదీ కొత్తదీ ఒకచోట ఉంటే కొన్నిసార్లు పేచీ కూడా. వేల కంప్యూటర్లున్న ఆఫీసులో ఆ పేచీలు తీర్చేవారి అవస్థ ఊహించండి!

దీనికి సాఫ్ట్‌గ్రిడ్ అనే ఉపాయం చేసిన సాఫ్ట్రిసిటీ కంపెనీని 2006లో మైక్రోసాఫ్ట్ కొన్నది. తర్వాత దాని పేరు యాప్-వి అయింది. అందులో సీక్వెన్సర్ అనే సాధనం ఉంటుంది. ఇన్‌స్టాల్ అవుతున్న ప్రోగ్రాం దేన్ని ఎక్కడ పెడుతోందో అది కనిపెట్టి, అంతా ఒక ప్యాకేజీగా మూట కడుతుంది. సర్వర్‌లో ఉంచిన ఆ మూటను ఫలానా ఉద్యోగులకు అని కేటాయిస్తారు. వాళ్లు ఆఫీసులో ఏ కంప్యూటర్‌లో లాగిన్ అయినా ఐకాన్ అక్కడికి వస్తుంది. నొక్కితే మొదలవడానికి కావలసిన భాగం ముందుగా, మిగతాది అవసరాన్ని బట్టి దిగుతుంది. ప్రోగ్రాం మాత్రం తాను మామూలుగానే ఇన్‌స్టాల్ అయ్యాననుకుంటుంది, పాపం! అది యంత్రానిది కాకుండా మనిషిది కావడమే మాకు బాగా నచ్చింది.

ప్రింటర్ డ్రైవర్ వంటివి మాత్రం ఈ మూటలో ఇమడవు. అవి విండోస్ లోలోపల పనిచేయాలి కనుక ఏ యంత్రానికి ఆ యంత్రంలో పెట్టాల్సిందే.