క్యాపు బాగుంది, ఎదుటి పన్ను ఎందుకు అరిగింది?



బోధన్ వైపు నుంచి ఒక పెద్దాయన మా దంత విభాగానికి వచ్చారు. ఆరేళ్ల కింద వేరే చోట కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ చేయించుకొని, పింగాణీ క్యాపు వేయించుకున్నారు. క్యాపు చెక్కుచెదరలేదు. దానికి ఎదురుగా ఉన్న పైపన్ను మాత్రం గుంటపడి, లోపలి పసుపు పొర బయటపడింది. చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోంది. "అరిగితే పెట్టుడుది అరగాలి గాని, దేవుడిచ్చిన పన్ను ఎందుకు అరిగింది?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

ఇసుర్రాయిని గుర్తు చేసుకోండి. ప్రసంగి గ్రంథం 12వ అధ్యాయంలో ముసలితనపు పళ్లను విసిరేవారితో పోల్చారని మన సంఘాల్లో చెప్పుకుంటాం కదా, అది మా పనికి బాగా సరిపోయే పోలిక. కొత్తగా గంట్లు కొట్టించిన రాయి జొన్నలను ఇట్టే పిండి చేస్తుంది. నునుపైన రాయి మీద గింజ జారిపోతుంది. పింగాణీ ఒక రకంగా గాజు జాతిదే, మన పంటి పైపొర ఎనామిల్ కంటే గట్టిది. కొలిమిలో కాల్చినప్పుడు దానిపై సన్నని మెరుగు పూత ఏర్పడుతుంది. కొత్తలో అద్దంలా ఉంటుంది. కానీ నమలగా నమలగా కొన్ని నెలల్లోనే ఆ పూత పోవచ్చు. దాని కింద గరుకు ఉంటుంది. క్యాపు బిగించేటప్పుడు నీలం కాగితం కొరికించి, ఎత్తుగా తగిలిన చోట అరగదీస్తారు. ఆ చోటును తిరిగి పాలిష్ చేయకుండా వదిలేస్తే మొదటి రోజు నుంచే గంట్లు కొట్టిన రాయి అన్నమాట. గింజ స్థానంలో మీ ఎదుటి పన్ను ఉంటుంది.

సొంత పళ్లు ఒకదానితో ఒకటి రాసుకుంటే దవడ పన్ను ఏడాదికి సుమారు 30 మైక్రాన్లు అరుగుతుంది. తల వెంట్రుక మందంలో సగం కూడా కాదు. అందుకే సొంత పళ్లు ముసలితనం దాకా వస్తాయి. గరుకు పింగాణీ ఎదురైతే ఈ లెక్క తప్పుతుంది.

ఇక విరగడం సంగతి. "మెత్తని అన్నం తింటుంటే ముక్క ఊడింది, సరుకు నాసిరకం" అని చాలామంది అంటారు. మామూలుగా నమిలేటప్పుడు దవడ పళ్లపై పడేది 5 నుంచి 15 కిలోల బరువు. మటన్ బొక్క కొరికితే, నిద్రలో పళ్లు నూరితే 50 కిలోలు దాటవచ్చు, అదీ గింజంత చోటు మీద. లోహంలా పింగాణీ వంగదు. కంటికి కనబడని పగులు పడుతుంది. లాలాజలం ఆ పగులు కొసకు చేరి గాజు కట్టును సడలిస్తుంది. ప్రతి నములుడికి పగులు ఇంకాస్త ముందుకు పోతుంది. నిరుడు కొరికిన బొక్క ఫలితం ఈ ఏడు అన్నం ముద్దలో బయటపడుతుంది.

జిర్కోనియా క్యాపు ఇంకా గట్టిది, మరి అది ఎదుటి పన్నును తినేయదా అని అడుగుతున్నారు. చిత్రంగా, బాగా పాలిష్ చేసిన జిర్కోనియా, పింగాణీ కంటే ఎదుటి పన్నును తక్కువ అరగదీస్తుంది. గట్టిదనం కంటే నునుపే ముఖ్యం. అయితే పైన పింగాణీ పొర వేసిన జిర్కోనియా అయితే దాన్ని పింగాణీ కిందే లెక్కపెట్టాలి. మా అభిప్రాయం అడిగితే, నవ్వినా కనిపించని చివరి దవడ పన్నుకు లోహపు క్యాపు చాలు. అందం లేదు గాని ఎదుటి పన్నుకు మెత్తన.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన బాధ ఒకటుంది, చెరుకు. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది గాని, గడను పళ్లతో ఒలిచే అలవాటు మూతపడలేదు. గడ తోలు లాగినప్పుడు బలం పక్కకు పడుతుంది, ముందరి పళ్ల పింగాణీ అంచు దానికి ఆగదు. తోలుకు అంటిన మట్టి, ఇసుక ఆకురాయిలా పనిచేస్తాయి. కత్తితో ఒలిచి చిన్న ముక్కలు చేసుకొని తినండి, తిన్నాక నీళ్లతో పుక్కిలించండి. తీపికి పింగాణీ పుచ్చదు, కానీ క్యాపు అంచు దగ్గర మొదలయ్యే సొంత పన్ను పుచ్చుతుంది.

ఆ పెద్దాయనకు క్యాపు మార్చలేదు. నోట్లోనే రబ్బరు చక్రాలతో, వజ్రపు పొడి కలిపిన పేస్టుతో నున్నగా చేసి, పైపన్ను గుంట నింపాము. మీరు క్యాపు వేయించుకునేటప్పుడు, అరగదీసిన చోట పాలిష్ చేశారా అని మొహమాటం లేకుండా అడగండి. ఇప్పటికే ఉన్న క్యాపును నాలుకతో తడిమి చూడండి. గరుకు తగిలినా, ఎదుటి పన్ను జివ్వుమన్నా వచ్చి చూపించుకోండి. ఒకవేళ క్యాపు మొత్తంగా ఊడివస్తే పారేయవద్దు, ఇంట్లో జిగురుతో అంటించుకోవద్దు. కడిగి, చిన్న డబ్బాలో పెట్టి వెంట తీసుకురండి.